ఆరో నెల నడుస్తోంది: పాపాయి గది పని ఎక్కడ మొదలుపెట్టాలి?

తొలకరి (24వ వారం)

అందరికీ నమస్కారం. నాకిది తొలి కాన్పు. ఇంట్లో ఒక చిన్న గది ఉంది. పది అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు, పడమటి గోడకు ఒక్కటే కిటికీ. ఇన్నాళ్ళూ అది సామాన్ల గది. కుట్టు మిషను, పాత పుస్తకాల పెట్టెలు, చెయ్యి విరిగిన కుర్చీ, అన్నీ అందులోనే. దాన్ని పాపాయి గదిగా మార్చాలని మొదటి స్కానింగ్ రోజునుంచీ అనుకుంటున్నాం. ఇంతవరకూ ఒక్క పెట్టె కూడా కదల్చలేదు.

కావలసినవన్నీ నోటు పుస్తకంలో రాసుకుంటూ పోతే 63 అయ్యాయి. చదివినకొద్దీ పెరుగుతున్నాయి. మా పెద్ద ఆడపడుచు తన పిల్లలు పడుకున్న చెక్క మంచాన్ని ఇన్నేళ్ళూ దాచి మాకోసం పంపించారు. నాలుగు వైపులా ఊచలు. బిడ్డను ఎత్తుకోవడానికి వీలుగా ఒక వైపు కిందికి జారుతుంది. పాలిష్ ఇప్పటికీ మెరుస్తోంది.

గోడలకు రంగు ఎప్పుడు వేయించాలి? ఈ మంచం వాడవచ్చా? ఆ 63లో నిజంగా అవసరమైనవి ఎన్ని? రాత్రిళ్ళు నిద్ర పట్టనప్పుడు వెళ్ళి ఆ గది గుమ్మంలో నిలబడుతున్నాను. అన్నీ సిద్ధంగా ఉండాలన్న ఆరాటం ఉంది కానీ చేతులు ఆడటం లేదు.

రెండోపిలుపు

తొలకరి గారూ, ముందుగా అభినందనలు. నాకు ఇద్దరు పిల్లలు. మొదటిసారి నాకెవరూ చెప్పని మాట ఒకటి మీకు చెబుతాను. మొదటి ఆరు నెలలు పాపాయి ఆ గదిలో పడుకోదు. మీ గదిలో, మీ మంచం పక్కన, తనదైన వేరే మంచంలో పడుకుంటుంది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో సవరించిన సూచనల్లో కూడా కనీసం ఆరు నెలలు ఇలాగే ఉండాలని రాసింది. ఒకే గది, వేర్వేరు పడకలు.

పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు గోడ నిండా మబ్బులు వేయించాను. ఒక్కో మబ్బుకు ఒక్కో నీలం. వాడు ఆ గదిలో మొదటిసారి పడుకున్నది ఏడో నెల దాటాక. అంతవరకూ ఆ గదిని వాడుకున్నది మేమే. డైపర్లు మార్చడానికి, రాత్రి మూడు గంటలకు పాలివ్వడానికి. అందుకే ఆ గదిని అర్ధరాత్రి, నిద్రమత్తులో, ఒక చేత్తో పనులు చేసుకునే అమ్మానాన్నల కోసం సిద్ధం చేయండి.

ఒక ఉదాహరణ చెబుతాను. కుర్చీని కిటికీ దగ్గర అందంగా అమర్చుకున్నాను. దీపం స్విచ్ తలుపు పక్కన ఉంది. వాడు భుజం మీద నిద్రపోయాక లేచి, ఏడడుగులు నడిచి, స్విచ్ నొక్కగానే 'టక్' మనేది. వాడు కళ్ళు తెరిచేవాడు. మళ్ళీ మొదటినుంచి. దాదాపు రెండు నెలలు ఇదే తంతు. రెండో బిడ్డ పుట్టకముందు చేసిన మొదటి పని, కుర్చీలో కూర్చుని చేయి చాస్తే అందేంత దూరంలో ఒక చిన్న దీపం పెట్టించడం. పసుపు వెలుగు, మసకగా. మీరు కూడా ఒక రాత్రి ఆ గదిలో చీకట్లో కూర్చుని, ఒక దిండును బిడ్డలా ఎత్తుకుని చూడండి. ఏది ఎక్కడ ఉండాలో మీ చేతులే చెబుతాయి.

చెక్కపని

నేను వడ్రంగిని, ఇద్దరు ఆడపిల్లల తండ్రిని. మీ ఆడపడుచు గారి ప్రేమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ పక్క జారే మంచాన్ని బిడ్డకు వాడకండి. అమెరికాలో 2011 జూన్ నుంచి అలాంటి మంచాల తయారీ, అమ్మకం నిషేధించారు. కారణం చాలా సాదా. జారే పక్కను పట్టి ఉంచేవి చిన్న బిళ్ళలు, స్ప్రింగులు. వాడగా వాడగా అవి అరుగుతాయి, ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. ఒక మూల ఊడిపోతే పరుపుకూ ఆ పక్కకూ మధ్య సందు ఏర్పడుతుంది. బిడ్డ అందులోకి జారితే తిరిగి బయటికి రాలేదు. పైకి పాలిష్ ఎంత మెరుస్తున్నా ఆ బిళ్ళల సంగతి కంటికి కనబడదు.

కొత్త మంచమైనా, ఎవరైనా ఇచ్చినదైనా టేపు పట్టుకుని కూర్చోండి. ఊచల మధ్య సందు 6 సెంటీమీటర్లకు మించకూడదు. అంతకంటే వెడల్పు ఉంటే బిడ్డ ఒళ్ళంతా జారి తల ఇరుక్కుంటుంది. పరుపుకూ చట్రానికీ మధ్య రెండు వేళ్ళు దూరితే ఆ పరుపు దానికి సరిపోదు. మూలల్లో పైకి పొడుచుకొచ్చిన గుబ్బలు ఉండకూడదు, బట్ట తగులుకుంటుంది. బోల్టు ఒక్కటి పోయినా దాని బదులు ఇంట్లో దొరికిన మేకు కొట్టవద్దు.

ఇంకొకటి. సొరుగుల బీరువా ఏది పెట్టినా గోడకు బిగించండి. ఇప్పుడు అవసరం లేదనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి బిడ్డ కింది సొరుగులు లాగి మెట్లెక్కినట్టు ఎక్కుతుంది. సొరుగులన్నీ బయటికి వచ్చాక బరువంతా ముందుకు వాలుతుంది. నిండుగా ఉన్న బీరువా ఎంత బరువో అంత ప్రమాదం. పెళుసు పలస్తరుకు కాకుండా ఇటుకలోకో దూలంలోకో దిగేలా బిగించాలి.

ఆ మంచాన్ని మాత్రం పారేయవద్దు. మంచి కలప అయి ఉంటుంది. విప్పితే ఒక పుస్తకాల అర వస్తుంది. మా చిన్నదాని పుస్తకాల అర అలా పుట్టిందే.

తొలకరి

చెక్కపని గారూ, మీరు చెప్పింది చదివి టేపు తీసుకుని వెళ్ళాను. ఊచల సందు ఏడున్నర సెంటీమీటర్లు ఉంది. జారే పక్కను కొంచెం ఊపితే ఒక మూల వదులుగా ఆడింది. చూసి గుండె జారిపోయింది. వదినకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆవిడ ఆ మంచాన్ని పాత దుప్పటిలో చుట్టి, తాళ్ళతో కట్టి, అంత దూరం పంపించారు.

రాత్రివిధి

నేను నవజాత శిశువుల వార్డులో నర్సును. తొలకరి గారూ, వదినగారికి ఉన్నదున్నట్టు చెప్పండి. ఏడున్నర సెంటీమీటర్ల లెక్క చెబితే ఆవిడే వద్దంటారు. తన పిల్లల మీద ఉన్న ప్రేమే కదా దాన్ని ఇన్నేళ్ళు దాచేలా చేసింది.

ఇక ఆ మంచంలో ఏం పెట్టాలన్నది. దీని మీద నేను ప్రతి తల్లికీ చెబుతాను, ఎంతసేపైనా చెబుతాను. గట్టి, బల్లపరుపు పరుపు. దాన్ని బిగుతుగా పట్టి ఉంచే ఒక్క దుప్పటి. వెల్లకిలా పడుకున్న బిడ్డ. అంతే. దిండు వద్దు, కప్పే దుప్పటి వద్దు, మెత్తని బొమ్మలు వద్దు, చుట్టూ కట్టే మెత్తల పట్టీలు వద్దు. ఆ పట్టీలను 2022లో అమెరికా చట్టం చేసి నిషేధించింది. మొదటి నెలల్లో బిడ్డ ముక్కుకు మెత్తనిది ఏదైనా అడ్డుపడితే తల తిప్పుకునే శక్తి దానికి ఉండదు.

వెల్లకిలా పడుకోబెడితే పాలు కక్కినప్పుడు పొలమారదా అని పెద్దవాళ్ళు భయపడతారు. న్యాయమైన భయమే. కానీ బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, ఆహారనాళం కింద ఉంటాయి. కక్కిన పాలు కిందికే పోతాయి, పైకెక్కి గాలిగొట్టంలోకి పోవడం కష్టం. బోర్లా పడుకోబెడితే ఈ అమరిక తిరగబడుతుంది. అమెరికాలో 1994లో 'వెల్లకిలా పడుకోబెట్టండి' అని ప్రచారం మొదలుపెట్టాక, నిద్రలో హఠాత్తుగా చనిపోయే శిశువుల సంఖ్య ఆ తర్వాతి సంవత్సరాల్లో సగానికి పడిపోయింది. మందు కాదు, యంత్రం కాదు, పడుకోబెట్టే తీరు మార్చారు, అంతే.

రెండోపిలుపు గారు చెప్పిన కుర్చీ గురించి ఒక మాట కలపాలి. పాలిస్తూ కుర్చీలోనో సోఫాలోనో బిడ్డతో పాటు నిద్రపోవడం మంచం మీద నిద్రపోవడం కన్నా ప్రమాదకరం. బిడ్డ మీ ఒంటికీ కుర్చీ చేతికీ మధ్య జారిపోతుంది. కళ్ళు మూతలు పడుతున్నాయని అనిపించిన రాత్రి ఆ కుర్చీ దగ్గరికి వెళ్ళకండి, ఇంకొకరిని లేపండి.

రెండోపిలుపు

నిజమే, నేను చెప్పి ఉండవలసింది. రెండుసార్లు నా తల వాలిపోయి ఉలిక్కిపడి లేచిన సంగతి గుర్తుంది. ఆ తర్వాత మావారు పక్కన నేల మీద కూర్చుని నాతో మాట్లాడుతూ ఉండేవారు.

ఇంటిరంగు

రంగు గురించి ఎవరూ ఇంకా చెప్పలేదు కనుక చెబుతున్నాను. ఇరవై ఏళ్ళుగా ఇదే నా పని. కాన్పుకు కనీసం రెండు నెలల ముందు రంగు పూర్తయిపోవాలి. నెలలు నిండకుండానే పుట్టే బిడ్డలు ఉంటారు. పైగా రంగు ఎండటం వేరు, వాసన పోవటం వేరు. ముట్టుకుంటే అంటకపోయినా లోపలి రసాయనాలు కొన్ని వారాలపాటు గాలిలో కలుస్తూనే ఉంటాయి. తక్కువ వాసన రంగులని, వీఓసీ (గాలిలో కలిసే ఆ రసాయనాలు) తక్కువ ఉన్నవని డబ్బా మీద రాసి ఉంటుంది. వాటినే అడగండి. కిటికీ తెరిచి ఉంచండి. కొత్త బీరువాల అట్టచెక్కలకు కూడా ఘాటు వాసన ఉంటుంది, సొరుగులన్నీ లాగి కొన్నాళ్ళు గాలికి వదలండి.

అసలు భయపడవలసింది పాత రంగుకు. మీ ఇల్లు ఎంత పాతదో నాకు తెలియదు. పూర్వం ఇంటి రంగుల్లో సీసం కలిపేవారు. అమెరికాలోనే 1978 వరకు ఇళ్ళ రంగుల్లో వాడారు. గోడను గరుకు కాగితంతో గీకితే ఆ పొరలన్నీ పొడిగా లేస్తాయి. ఆ పొడి పీలిస్తే తల్లి రక్తంలోకి, అక్కడినుంచి మాయ దాటి బిడ్డలోకి చేరుతుంది. పొరలు పొరలుగా ఊడుతున్న పాత గోడ అయితే పొడిగా గీకనివ్వకండి, ముందు పరీక్ష చేయించండి. గీకే రోజుల్లో మీరు ఆ ఇంట్లోనే ఉండకండి. చీపురుతో ఊడిస్తే పొడి మళ్ళీ లేస్తుంది, తడిగుడ్డతో తుడవాలి.

మీది పడమటి కిటికీ అన్నారు. సాయంత్రం ఎండ సూటిగా పడుతుంది. మందపాటి తెర కావాలి కానీ తాడు వేలాడే రకం వద్దు. మంచం కిటికీకి దూరంగా ఉండాలి. తాళ్ళు మెడకు చుట్టుకుని పోయిన పిల్లల సంగతులు విన్నాను. ఆ మాట రాయడానికే చేయి రావడం లేదు.

రాత్రివిధి

తొలకరి గారూ, నిచ్చెన మాత్రం మీరు ఎక్కకండి. ఈ నెలల్లో కడుపు ముందుకు వచ్చి ఒంటి బరువు నిలిచే తీరు మారుతుంది, కీళ్ళు వదులవుతాయి. పుస్తకాల పెట్టెలు కూడా ఇంకొకరే మోయాలి.

నాన్ననవుతున్నాను

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది 29వ వారం. బిడ్డ గుండె వేగం, రక్తంలో ఆక్సిజన్ చూపించే సాక్సు లాంటి యంత్రం ఒకటి కొందామనుకుంటున్నాను. నా భార్య వద్దంటోంది. గదిలో వేడి ఎంత ఉండాలి? సముద్రపు హోరు వినిపించే పెట్టె మంచిదేనా? నాకు ఏదో ఒకటి చేయాలని ఉంది. తొమ్మిది నెలలూ ఆమే మోస్తోంది.

రాత్రివిధి

మీ తపన అర్థమైంది. ఆ సాక్సు యంత్రాన్ని నమ్ముకుని మిగతా జాగ్రత్తలు సడలించకూడదు. హఠాన్మరణాన్ని అడ్డుకుంటుందని దాన్ని వాడవద్దని వైద్యుల సంఘం స్పష్టంగానే చెప్పింది. తప్పుడు మోతలతో రాత్రంతా మేలుకుంటారు కూడా. మామూలు కెమెరా పెట్టుకుంటే దాని తీగ మంచానికి మూడడుగుల దూరంలో ఉండాలి.

వేడికి బ్రిటన్‌లో 16 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ అంటారు. అందరికీ అది కుదరదు. థర్మామీటరు కన్నా మీ చేయి నయం. బిడ్డ మెడ వెనక, ఛాతీ మీద చేయి పెట్టి చూడండి. చెమట పట్టి ఉంటే ఒక పొర తీసేయండి. అరచేతులు, పాదాలు చల్లగా ఉండటం మామూలే, వాటిని చూసి బట్టలు పెంచకండి. ఇంట్లో పడుకునేటప్పుడు టోపీ వద్దు. హోరు పెట్టె వాడితే మంచానికి కనీసం రెండు మీటర్ల దూరంలో, 50 డెసిబెల్స్ దాటకుండా.

మీకు ఏదైనా చేయాలని ఉంటే, కాన్పుకు ముందే డైపరు మార్చే చోటు మీరే అమర్చండి. మొదటి వారాల్లో రోజుకు పది దాకా మార్చాలి. బల్ల అయితే అన్నీ చేతికి అందేలా ఉండాలి, ఒక చేయి ఎప్పుడూ బిడ్డ మీదే ఉండాలి. నేల మీద చాప పరిస్తే ఇంకా మంచిది. నేల మీది నుంచి ఎవరూ పడరు.

నీటిచుక్క

ఈ చర్చను నాలుగు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించాను.

నాకు 27వ వారం. ఇది రెండో గర్భం. మొదటిసారి 31వ వారంలో బిడ్డ కదలికలు ఆగిపోయాయి. అప్పటికి గది అంతా సిద్ధమైపోయింది. సొరుగులో బట్టలు ఉతికి మడతపెట్టి ఉన్నాయి. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ తలుపు మూసేశాను. అప్పటినుంచి తెరవలేదు. ఈసారి అందరూ ఏం కొన్నావు, ఏం సర్దావు అని అడుగుతున్నారు. నేను ఏమీ చేయలేదు. ఏమీ చేయకపోవడం ఈ బిడ్డకు నేను చేస్తున్న అన్యాయమేమో అనిపిస్తోంది. గది లేకపోతే బిడ్డకు లోటా?

రాత్రివిధి

నీటిచుక్క గారూ, లోటు కాదు. ఏ మాత్రం కాదు. కొన్ని వారాల వయసు బిడ్డకు తన ముఖం నుంచి 20, 30 సెంటీమీటర్ల దూరం వరకే స్పష్టంగా కనబడుతుంది. అంటే, ఎత్తుకున్నప్పుడు మీ ముఖం ఉండే దూరం. గోడ ఏ రంగులో ఉందో దానికి తెలియదు. మీరు మూసిన తలుపు వెనక ఏముందో దానికి అవసరం లేదు.

ఈ కాలమంతా మీ డాక్టరుతో ఏ భయాన్నీ దాచుకోకండి. కదలికల్లో తేడా ఉందనిపిస్తే తెల్లవారే వరకు ఆగకుండా వెళ్ళండి. ఎన్నిసార్లు వెళ్ళినా ఎవరూ విసుక్కోరు, విసుక్కోకూడదు.

రెండోపిలుపు

అమ్మా, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ తొలి బిడ్డ బిడ్డే. ఆ గది ఆ బిడ్డది. దాన్ని ఎప్పుడు తెరవాలో మీ ఇష్టం.

కావలసినవి ఒక్క సొరుగులో పడతాయి. ముందువైపు ముడివేసే చొక్కాలు ఆరో ఏడో, ఎందుకంటే బొడ్డు రాలేవరకూ తల మీదుగా తొడిగేవి ఇబ్బంది. మంచానికి బిగించే దుప్పట్లు మూడు. మెత్తని నూలు గుడ్డలు ఒక డజను. థర్మామీటరు. డైపర్లు ఒక కట్ట, అతి చిన్న సైజువి ఎక్కువ వద్దు, వారాల్లోనే చాలకుండా పోతాయి. మీ మంచం పక్కన ఒక చిన్న మంచం. అంతే. ఇవి కూడా మీరు కొనలేకపోతే మీవాళ్ళు ఎవరైనా కొని, బిడ్డ పుట్టిన రోజున తెచ్చి పెట్టవచ్చు. ఎవరో ఒకరికి ముందుగా చెప్పి ఉంచండి, చాలు.

చెక్కపని

మంచం ముందే బిగించి ఇంట్లో పెట్టనక్కరలేదు. పెట్టెలోనే ఉంచితే మీరు ఆసుపత్రిలో ఉన్న పూట ఎవరైనా గంటలో బిగిస్తారు. బిగించాక ప్లాస్టిక్ కవర్లు అన్నీ ఇంట్లోంచి బయటికి పంపేయమని చెప్పండి.

తొలకరి

నీటిచుక్క గారూ, నేను 63 వస్తువుల గురించి బాధపడుతూ ఇక్కడికి వచ్చాను. మీరు రాసింది చదివాక ఆ పుస్తకం మూసేశాను. మీ గురించి రోజూ తలచుకుంటున్నాను. మీకు ఇష్టమైతే అప్పుడప్పుడూ ఇక్కడ ఒక్క మాట రాయండి.

తొలకరి (35వ వారం)

చాలా రోజుల తర్వాత వచ్చాను. వదినకు ఫోను చేసి ఊచల కొలత చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, 'మావాళ్ళు అందులో ఎలా బతికారే' అన్నారు. ఆ వారంలోనే వచ్చి మావారితో కలిసి మంచం విప్పారు. ఇప్పుడది పుస్తకాల అర. కింది చెక్క మీద వాళ్ళ పెద్దవాడి పంటిగాట్లు ఉన్నాయి. వాటిని పాలిష్ చేయించవద్దని నేనే అన్నాను.

రంగు 28వ వారంలోనే అయిపోయింది. ఆ పది రోజులూ మా అక్క ఇంట్లో ఉన్నాను. జాబితా 19కి వచ్చింది. బీరువా గోడకు బిగించాం. చిన్న మంచం మా గదిలో ఉంది. మొదట చూసినప్పుడు బోసిగా అనిపించింది, ఒక బొమ్మైనా పెట్టాలని చేయి పోయింది. రాత్రివిధి గారి మాట గుర్తొచ్చి ఆ కుందేలును అరలో కూర్చోబెట్టాను.

నాన్ననవుతున్నాను

మాకు పాప పుట్టింది, 38వ వారంలో. ఇద్దరూ క్షేమం. యంత్రం కొనలేదు. నేల మీద చాప, పక్కన రెండు బుట్టలు. మొదటి వారంలోనే మోకాళ్ళు నొప్పి పుట్టాయి కానీ పాప ఆ చాప మీద నవ్వినట్టు ముఖం పెడుతుంది. రాత్రి రెండు గంటల వంతు నాది.

రాత్రివిధి

ఎంత సంతోషమో. మోకాళ్ళ కింద దిండు వేసుకోండి, ఆ దిండు మీకు.

నీటిచుక్క (38వ వారం)

31వ వారం దాటింది. ఆ వారమంతా ఎలా గడిచిందో చెప్పలేను. రెండుసార్లు ఆసుపత్రికి పరుగెత్తాను. రెండుసార్లూ గుండె చప్పుడు వినిపించారు.

సొరుగు ఒక్కటి సర్దాను. చొక్కాలు మా అమ్మ ఉతికింది, నేను మడతపెట్టాను. మంచం ఇంకా పెట్టెలోనే ఉంది. మా తమ్ముడికి చెప్పి ఉంచాం.

నిన్న రాత్రి ఆ గది తలుపు తెరిచాను. లోపల ఏదీ మార్చలేదు, మొదటి బిడ్డ బట్టలు ఉన్నచోటే ఉన్నాయి. కిటికీ తెరిచి, కుర్చీ మీది దుమ్ము తుడిచి కూర్చున్నాను. పక్క బల్ల మీద చిన్న దీపం ఉంది, అప్పట్లో కొన్నది, ఎప్పుడూ వెలిగించలేదు. చీకట్లో చేయి చాచి చూశాను. స్విచ్ అందింది.